పైలట్ ప్రాజెక్టుకి డబ్బులు దొరుకుతున్నాయి, తర్వాత నడపడానికే లేవు: మన దేశంలో సోషల్ ఇన్నోవేషన్‌కి అండ ఎంత?

కొర్రచేను (మడకశిర)

అందరికీ నమస్కారం. ఇక్కడ స్వచ్ఛంద సంస్థల్లో, స్టార్టప్‌లలో, ప్రభుత్వంలో పనిచేసినవాళ్లు ఉన్నారు కాబట్టి అడుగుతున్నా.

మన దేశంలో సమాజానికి పనికొచ్చే కొత్త పనులకు అండగా ఉన్నామని చెప్పే పథకాలకు కొదవ లేదు. నీతి ఆయోగ్ కింద 2016 నుంచి అటల్ ఇన్నోవేషన్ మిషన్ ఉంది, దాన్ని 2028 మార్చి దాకా పొడిగిస్తూ 2,750 కోట్లు ఇచ్చారు. హైదరాబాద్‌లో స్టార్టప్‌లకు టీ-హబ్, ఆడవాళ్ల వ్యాపారాలకు వీ-హబ్ ఉన్నాయి. 2025 ఆగస్టులో అమరావతికి రతన్ టాటా ఇన్నోవేషన్ హబ్ వచ్చింది, అనంతపురంలో కూడా దాని శాఖ పెట్టారు. కంపెనీలు సామాజిక బాధ్యత కింద చట్టప్రకారం పెట్టాల్సిన సీఎస్ఆర్ డబ్బు దేశం మొత్తం మీద ఏటా పాతిక వేల కోట్లు దాటుతోంది. ఇంత ఉన్నా పల్లెల్లో పనిచేసే చిన్న సంస్థకు మూడో ఏడు వచ్చేసరికి ఊపిరాడదు, ఎందుకని?

మా సంగతి చెప్తా. కొర్రలు, సామలు పండించే ఊళ్లలో ఆడవాళ్ల సంఘాలకు పొట్టు తీసే చిన్న మిషన్లు పెట్టించాం. ఇంతకుముందు పంట మొత్తం వ్యాపారికి పోయేది, ఇంట్లో తినడానికి మళ్లీ బియ్యం కొనుక్కునేవాళ్లు. మిషన్ వచ్చాక ఊళ్లోనే బియ్యం అవుతున్నాయి, తవుడు గొడ్లకు వస్తోంది. ఒక కంపెనీ మిషన్లకు డబ్బిచ్చింది, ఫొటోలు తీసుకున్నారు, బోర్డు పెట్టారు, చాలా సంతోషం. కానీ సామలకు, కొర్రలకు జల్లెడలు వేరు వేరు, అవి అరిగిపోతాయి. బెల్టు తెగితే హిందూపురం పోవాలి. త్రీ ఫేజ్ కరెంటు ఉన్నచోట ఒక మోటారు, లేనిచోట ఇంకోటి. వీటన్నిటికీ ఒక మెకానిక్ కుర్రాడు బండి వేసుకుని ఊరూరా తిరగాలి. ఆ కుర్రాడి జీతానికి ఎవరూ ఒక్క రూపాయి ఇవ్వరు. "అది అడ్మిన్ ఖర్చు" అంటారు. అతను లేకపోతే మిషన్ తుప్పు పట్టిపోతుంది, మిషన్‌కి పెట్టిన డబ్బు కూడా వృథాయే. మరి అది అడ్మిన్ ఎట్లా అవుతుంది?

నా అనుభవంలో మన దగ్గర మొదలుపెట్టడానికి సాయం ఉంది, గెలిచాక బహుమతీ ఉంది, నడిపే రోజులకు మాత్రం ఎవరూ లేరు. మీ అనుభవాలు రాయండి, వేరేలా ఉంటే అది కూడా చెప్పండి.

---

ఓరుగల్లు_రైతు (హనుమకొండ)

తమ్ముడూ, బాగా అడిగావు. అందరూ డబ్బు గురించే మాట్లాడతారు కాబట్టి నేను ముందు చట్టం సంగతి చెప్తా.

మా వరంగల్ వైపు పొదుపు సంఘాలు, పాల సంఘాలు, విత్తన వరి సంఘాలు కొన్ని దశాబ్దాలుగా సొంత డబ్బుతోనే నడుస్తున్నాయి. వాటి వెనక సహవికాస ఉంది, పాత పేరు సమాఖ్య, 1975లో మొదలైంది. వాళ్లు గ్రాంట్ల వెంట పడలేదు. 1964 సహకార చట్టం కింద ప్రభుత్వం ఎప్పుడు కావాలంటే అప్పుడు పాలకవర్గాన్ని రద్దు చేసి అధికారిని కూర్చోబెట్టొచ్చు, ఎన్నికలు వాయిదా వేయొచ్చు. సభ్యుల సంస్థ అనేది పేరుకే. దాని మీద ఏళ్ల తరబడి పోరాడారు, కొట్లాడారు, చివరికి 1995లో మన ఆంధ్రప్రదేశ్‌లో పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం వచ్చింది. ప్రభుత్వం వాటా పెట్టకూడదు, జోక్యం చేసుకోకూడదు, సభ్యులే యజమానులు. ఇలాంటి చట్టం దేశంలో ఇదే మొదటిది. తర్వాత వేరే రాష్ట్రాలు కూడా ఇదే దారి పట్టాయి. 2002లో కంపెనీల చట్టం సవరించి రైతు ఉత్పత్తిదారుల కంపెనీలు తెచ్చారంటే దాని వెనక కూడా ఈ ఆలోచనే ఉంది.

దీనికి ప్రభుత్వానికి అయిన ఖర్చు దాదాపు ఏమీ లేదు. అడ్డు తప్పుకుంది, అంతే. అండ అంటే డబ్బు ఒక్కటే అనుకుంటే సగం సంగతి వదిలేసినట్టే.

---

పద్దుపుస్తకం (విజయవాడ)

నేను ఆడిట్ పనిలో ఉన్నాను. చిన్న సంస్థల లెక్కలు చాలా చూస్తాను, అందుకే కొర్రచేను గారు రాసిన "అడ్మిన్ ఖర్చు" విషయంలో ఒక ముఖ్యమైన మాట చెప్పాలి. చాలామంది దీన్ని తప్పుగా పట్టుకున్నారు, కంపెనీల్లో సీఎస్ఆర్ చూసేవాళ్లు కూడా.

2021 సీఎస్ఆర్ నియమాల్లో అడ్మినిస్ట్రేటివ్ ఖర్చు 5 శాతం మించకూడదని ఉంది. అది కంపెనీ తన సొంత సీఎస్ఆర్ విభాగాన్ని నడుపుకోవడానికి అయ్యే ఖర్చు మీద పరిమితి. క్షేత్రంలో పని చేసే సంస్థ మీద కాదు. ప్రాజెక్టు నడపడానికి నేరుగా అయ్యే ఖర్చు, అంటే మీ మెకానిక్ జీతం, అతని బండి పెట్రోలు, ఇవన్నీ ప్రాజెక్టు ఖర్చే. చట్టం ఎక్కడా వద్దనలేదు. కంపెనీలు ఆ 5 శాతాన్ని తెచ్చి మీ నెత్తిన పెడుతున్నాయి.

ఇంకోటి. చట్టంలో "ఆన్‌గోయింగ్ ప్రాజెక్టు" అని ఉంది. మొదలుపెట్టిన ఏడాది కాక ఇంకో మూడేళ్ల దాకా ఒకే ప్రాజెక్టు నడపొచ్చు, ఆ ఏడాది ఖర్చు కాని డబ్బు వేరే ఖాతాలో వేసి తర్వాత వాడొచ్చు. మరి కంపెనీలు ఏడాదికో ప్రాజెక్టు ఎందుకు ఇస్తాయి? జనవరి దాకా ఊరుకుని మార్చిలో హడావిడిగా ఖర్చు చూపించాలి కాబట్టి. మిషన్ కొంటే బిల్లు ఒక్క రోజులో వస్తుంది, మనిషి జీతం నెల నెలా ఇవ్వాలి. అందుకే మిషన్లే వస్తాయి.

మూడోది, ఆ మిషన్ ఎవరి పేరు మీద ఉంది? 2021 తర్వాత సీఎస్ఆర్ డబ్బుతో కొన్న ఆస్తి కంపెనీ పేరు మీద ఉండకూడదు. సీఎస్ఆర్ పనులు చేయడానికి కావాల్సిన సీఎస్ఆర్-1 రిజిస్ట్రేషన్ ఉన్న ట్రస్టు, సొసైటీ లేదా సెక్షన్ 8 (లాభాపేక్ష లేని) కంపెనీ పేరు మీద, లేదంటే లబ్ధిదారుల స్వయం సహాయక సంఘం పేరు మీద, లేదా ప్రభుత్వ సంస్థ పేరు మీద ఉండాలి. నేరుగా ఆడవాళ్ల సంఘం పేరు మీదే పెట్టించండి.

---

కొర్రచేను (మడకశిర)

పద్దుపుస్తకం గారూ, చాలా థాంక్స్ అండీ. ఈ 5 శాతం మాట మాకు ఇన్నేళ్లుగా ఎంతమంది చెప్పారో! ఇది నియమం అనుకుని బడ్జెట్‌లో మేమే ముందుగా జీతాలు కోసేసుకుంటున్నాం. మిషన్లు ప్రస్తుతం మా సొసైటీ పేరు మీదే ఉన్నాయి, సంఘాల పేరు మీదకు మార్చొచ్చా అన్నది మళ్లీ అడుగుతాను.

---

డాలస్_తెలుగు

కొర్రచేను అన్నా, మాది కళ్యాణదుర్గం దగ్గర. ఇక్కడ మేం కొంతమందిమి నెలకింత వేసుకుని ఊళ్లో పనిచేసే చిన్న సంస్థలకు పంపాలనుకుంటున్నాం. ఒక మెకానిక్ జీతం మాకు ఏ మాత్రం భారం కాదు. కానీ పంపబోతే సంస్థకు ఎఫ్‌సీఆర్ఏ, అంటే విదేశీ విరాళాలు తీసుకునే అనుమతి, ఉండాలి అని వెనక్కి తిప్పారు. మన ఊరికి మనం డబ్బు పంపుకోవడానికి ఇంత కష్టం ఏంటి?

---

పద్దుపుస్తకం (విజయవాడ)

డాలస్ గారూ, ముందు మీలో ఎవరి పాస్‌పోర్టు ఏదో చూసుకోండి. ఇండియన్ పాస్‌పోర్టు ఉన్న ఎన్ఆర్ఐ తన సొంత సంపాదన బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కిందకు రాదు, సంస్థకు ఎఫ్‌సీఆర్ఏ అక్కర్లేదు. పాస్‌పోర్టు కాపీ ఒకటి సంస్థ దగ్గర ఫైల్లో పెట్టించండి. అమెరికా పౌరసత్వం తీసుకున్నవాళ్లు, ఓసీఐ కార్డు ఉన్నా సరే, పంపేది విదేశీ విరాళమే. మీ డబ్బులన్నీ అక్కడ ఒక అసోసియేషన్ ఖాతాలో కలిపి పంపితే అది కూడా విదేశీ విరాళమే. కాబట్టి కలపకుండా, ఇండియన్ పాస్‌పోర్టు ఉన్నవాళ్లు విడివిడిగా పంపడం మేలు.

ఇక అసలు దెబ్బ 2020 సెప్టెంబరు సవరణతో పడింది. అంతకుముందు హైదరాబాద్‌లో ఉన్న పెద్ద సంస్థ విదేశీ డబ్బు తెచ్చుకుని, లెక్కలూ రిపోర్టులూ తనే చూసుకుంటూ, ఎఫ్‌సీఆర్ఏ ఉన్న చిన్న చిన్న సంస్థలకు పంచేది. ఆ పంపకాన్ని పూర్తిగా ఆపేశారు. అడ్మిన్ ఖర్చు పరిమితి 50 శాతం నుంచి 20 శాతానికి దించారు. ఖాతా ఢిల్లీలో ఎస్‌బీఐ మెయిన్ బ్రాంచిలోనే తెరవాలన్నారు. విదేశీ డబ్బు మీద ప్రభుత్వానికి నిఘా ఉండాలనడం తప్పని నేను అనను. కానీ పెద్ద సంస్థకూ పల్లెలో ఉన్న చిన్న సంస్థకూ మధ్య ఉన్న ఆ లంకె తెగిపోవడం వల్ల నష్టపోయింది నలుగురైదుగురితో నడిచే సంస్థలే. నా దగ్గరకు వచ్చేవాళ్లలోనే కొన్ని మూతపడ్డాయి.

దీనికి తోడు 12ఏ, 80జీ, అంటే సంస్థకూ దాతకూ ఆదాయపు పన్ను మినహాయింపు ఇచ్చే రిజిస్ట్రేషన్లు. ఒకప్పుడు ఒకసారి వస్తే శాశ్వతం. 2021 నుంచి ఐదేళ్లకోసారి మళ్లీ చేయించుకోవాలి, కొత్త సంస్థకు ముందు తాత్కాలికంగా మూడేళ్లే. 2025 బడ్జెట్‌లో ఏడాదికి 5 కోట్ల లోపు ఆదాయం ఉన్న సంస్థలకు 12ఏ గడువు పదేళ్లు చేశారు, అది మంచి మార్పు, చెప్పుకోవాలి.

---

హైటెక్_పక్కవీధి (హైదరాబాద్)

నేను ఒక ఇంక్యుబేటర్‌లో, అంటే కొత్త స్టార్టప్‌లకు చేయూతనిచ్చే సంస్థలో, పనిచేస్తున్నా, లోపలి వైపు నుంచి రాస్తా.

మేం ఏమీ చేయడం లేదన్నట్టు మాట్లాడటం సరికాదు. తెలంగాణ ఇన్నోవేషన్ సెల్ 2019 నుంచి "ఇంటింటా ఇన్నోవేటర్" అని జిల్లా జిల్లాలో పిలుపిచ్చి, వాట్సాప్‌లో ఫొటో, వీడియో పంపితే చాలన్నారు. ఇంగ్లిషు రాదు, బిజినెస్ ప్లాన్ రాయడం రాదు అనే భయం లేకుండా రైతులు, మెకానిక్‌లు, బడిపిల్లలు పంపారు. ఇది చిన్న విషయం కాదు. ఆరోగ్య రంగంలో కేంద్ర ప్రభుత్వ బయోటెక్ సంస్థ బైరాక్ వాళ్ల 'స్పర్శ్' కింద కుర్రాళ్లను ఆసుపత్రుల్లో, పల్లెల్లో తిరగమని, అక్కడ సమస్య ఏంటో కళ్లారా చూశాకే వస్తువు తయారు చేయమని ఫెలోషిప్ ఇస్తారు. నాకు తెలిసి దేశంలో బాగా ఆలోచించి పెట్టిన పథకాల్లో అది ఒకటి.

కానీ కొర్రచేను గారు చెప్పిన ఖాళీ నిజమే, అది ఎక్కడి నుంచి వస్తుందో చెప్తా. మమ్మల్ని కొలిచే పద్ధతిలో ఉంది అది. ఎన్ని స్టార్టప్‌లు చేర్చుకున్నారు, ఎంత పెట్టుబడి తెచ్చారు, ఎన్ని ఉద్యోగాలు వచ్చాయి, ఎన్ని పేటెంట్లు వేశారు, వీటి మీదే మాకు తర్వాతి విడత డబ్బు. కొర్రల మిషన్ పెట్టే సంఘం ఐదేళ్లకు కూడా పెట్టుబడి తేదు, తేవాల్సిన పనీ లేదు. దాన్ని చేర్చుకుంటే మా కాగితం మీద సున్నా కనిపిస్తుంది. స్టార్టప్ ఇండియా సీడ్ ఫండ్‌లో నమూనా నిరూపించుకోవడానికి 20 లక్షల దాకా గ్రాంటు ఇవ్వొచ్చు, కానీ దానికి కావాల్సిన స్టార్టప్ గుర్తింపు ప్రైవేట్ లిమిటెడ్, ఎల్ఎల్‌పీ, భాగస్వామ్య సంస్థ లాంటివాటికి ఉంటుంది. మామూలు స్వచ్ఛంద సొసైటీకి, ట్రస్టుకు ఉండదు. ఆ మొదటి గేటు దగ్గరే మీలాంటివాళ్లు ఆగిపోతున్నారు.

---

నేతకాలనీ (ఆలేరు)

మా ఆలేరు దగ్గర శారాజీపేట పేరు వినే ఉంటారు. చింతకింది మల్లేశం గారి ఊరు. పోచంపల్లి చీరకు ఆసు పోయాలంటే మేకుల చుట్టూ నూలును చేత్తో తిప్పుతూ పోవాలి, ఒక్క చీరకే చెయ్యి వేల సార్లు అటూ ఇటూ ఆడాలి. ఆ పని చేసేది ఆడవాళ్లే. భుజం పట్టేస్తుంది, ఒక వయసు దాటాక చెయ్యి పైకి లేవదు. వాళ్ల అమ్మ లక్ష్మి గారి నొప్పి చూసి 1992లో మిషన్ పని మొదలుపెట్టారు, పూర్తయ్యేసరికి 1999. దానికి లక్ష్మి ఆసు యంత్రం అని పేరు పెట్టారు. 2017లో పద్మశ్రీ వచ్చింది.

ఆ మధ్య ఏడేళ్లు ఎవరు అండగా ఉన్నారు? ఇల్లు, చుట్టాలు, అప్పులు. నేషనల్ ఇన్నోవేషన్ ఫౌండేషన్ 2000లో వచ్చింది, పల్లెసృజన వాళ్లు మన ఊళ్లన్నీ తిరిగి ఇలాంటి మనుషుల్ని వెతికారు, వాళ్ల మేలు మరచిపోలేం. కానీ అవన్నీ మిషన్ అయ్యాక వచ్చినవి. ఇవాళ ఇంకొకరు అలాగే మూడో ఏట, నాలుగో ఏట చిక్కుకుని ఉంటే, ఇంకా ఏదీ గెలవని రోజుల్లో ఉంటే, ఆ మనిషి ఏ ఆఫీసుకు పోవాలి? పోటీ పెట్టి బహుమతి ఇవ్వడం తేలిక. ఏదీ చూపించలేని మనిషికి నెలకు ఇంటి ఖర్చు, లేత్ మిషన్ వాడుకునే వీలు, ఐటీఐలో ఒక మూల చోటు ఇవ్వాలి. మా జిల్లాలో ఐటీఐలు, పాలిటెక్నిక్‌లు ఉన్నాయి, సాయంత్రం ఐదు దాటితే తాళాలు.

---

సూటిమాట (గుంటూరు)

అందరూ మంచి మాటలే రాస్తున్నారు, నేను వేరే వైపు గుర్తు చేస్తా. "సమాజ సేవ కూడా, లాభం కూడా" అన్న మాట ఎంత దూరం పోతుందో మన తెలుగు నేల మీదే చూశాం. పేద ఆడవాళ్లకు బ్యాంకులు ఇవ్వని అప్పు మేం ఇస్తాం అని మైక్రోఫైనాన్స్ వచ్చింది. దేశ విదేశాల్లో అవార్డులు, పుస్తకాల్లో పాఠాలు. పెట్టుబడి వచ్చిన కొద్దీ ఎదుగుదల చూపించాలి, చూపించాలంటే ఒకే ఇంటికి నాలుగు కంపెనీలు అప్పివ్వాలి. 2010 ఆగస్టులో ఎస్‌కేఎస్ అనే మైక్రోఫైనాన్స్ కంపెనీ షేర్ మార్కెట్‌కి వెళ్లింది. అదే అక్టోబరులో ఆత్మహత్యల వార్తల మధ్య ప్రభుత్వం ఆర్డినెన్స్ తేవాల్సి వచ్చింది. వారం వారం ఇంటి ముందు కూర్చుని వసూలు చేసిన తీరు నేను మా వీధిలో చూశాను. ఆ ఆడవాళ్లు పరువు పోతుందని తలుపులు వేసుకునేవాళ్లు.

కాబట్టి "పెట్టుబడి రావడం లేదు" అని బాధపడేవాళ్లు ఒక్కసారి ఆలోచించండి. కొన్ని పనుల్లోకి ఆ రకం పెట్టుబడి రాకపోవడమే మంచిది. అండ ఇచ్చేవాడు తొందరపెట్టేవాడు కాకూడదు.

---

సర్వీసు_పెన్షనర్ (రాజమహేంద్రవరం)

సూటిమాట గారు చెప్పింది నిజం. దానికి ఎదురుగా ఇంకో ఉదాహరణ పెడతాను, ఆ రోజుల్లో నేను ఉద్యోగంలో ఉన్నాను.

108 సంగతి. 2005 ఆగస్టు 15న హైదరాబాద్‌లో మొదలైంది. సత్యం రామలింగరాజు గారి కుటుంబం డబ్బుతో ఈఎంఆర్ఐ అనే సంస్థ పెట్టారు. ఒకే నంబరు, కాల్ సెంటరు, శిక్షణ పొందిన టెక్నీషియన్ ఉన్న అంబులెన్సు, డబ్బులు అడగరు. అప్పటిదాకా పల్లెలో కాన్పు నొప్పులొస్తే ఆటో, ట్రాక్టరు, లేదంటే మంచం. రెండు మూడేళ్లలోనే నడిపే ఖర్చులో ఎక్కువ భాగం, సుమారు 95 శాతం, ప్రభుత్వం భరించే ఒప్పందం అయింది. 2009 జనవరిలో సత్యం కుప్పకూలింది. మామూలుగా అయితే దాతతో పాటే ఆ సేవ కూడా పోవాలి. పోలేదు. ఖర్చు ప్రభుత్వ బడ్జెట్‌లో ఉంది కాబట్టి బండ్లు తిరుగుతూనే ఉన్నాయి, నిర్వహణలోకి జీవీకే వచ్చింది, తర్వాత చాలా రాష్ట్రాలు అదే పద్ధతి తీసుకున్నాయి. జీతాల కోసం 108 ఉద్యోగులు ధర్నాలు చేసిన రోజులూ ఉన్నాయి, అది దాచాల్సిన పని లేదు. అయినా ఆపదలో ఫోన్ తీసి 108 నొక్కడం ఇవాళ జనానికి హక్కులా అయిపోయింది.

ప్రభుత్వం కనిపెట్టలేదు, కానీ ప్రభుత్వం కొన్నది. నా ఉద్దేశంలో అసలు విధానం ఈ కొనుగోలు దగ్గరే ఉండాలి. ఇప్పుడు ఏ శాఖలోనైనా కొత్త పని కొనాలంటే టెండరు, టెండరు అంటే ఎవరు తక్కువ ధర వేస్తే వాళ్లకే. ఐదేళ్లు ఊళ్లో నిలబడి పద్ధతి తయారు చేసిన సంస్థను పక్కనపెట్టి, ఎక్కడి నుంచో వచ్చిన ఏజెన్సీ తక్కువ వేసి ఎగరేసుకుపోతుంది. కేంద్రం టెండర్లలో స్టార్టప్‌లకు ధరావతు, పాత అనుభవం నిబంధనల నుంచి మినహాయింపు ఇచ్చారు, మంచిదే. కానీ అధికారి స్థాయిలో, రేపు ఆడిట్‌లో ఎవరైనా వేలెత్తి చూపితే నా పెన్షన్ పోతుందన్న టెన్షన్ ఉన్నంతకాలం ఆ మినహాయింపు కాగితం మీదే ఉంటుంది. ఆ భయం నేను పడ్డాను కాబట్టి చెప్తున్నా. మంచి ఉద్దేశంతో, కాగితాలు సరిగా పెట్టుకుని కొత్త పని చేసిన అధికారిని కాపాడే నిబంధన ఒకటి కావాలి.

---

కొర్రచేను (మడకశిర)

పెన్షనర్ గారూ, మీ మాటకు తోడు ప్రకృతి వ్యవసాయం సంగతి చెప్పాలి. పాల్వంచ దగ్గర పునుకుల అనే ఊరు, అప్పట్లో ఖమ్మం జిల్లా. పత్తి మీద పురుగుమందులకు అప్పులు చేసి రైతులు చితికిపోయిన కాలం. 'సెక్యూర్' అనే చిన్న సంస్థ, హైదరాబాద్‌లో తర్వాత సుస్థిర వ్యవసాయ కేంద్రంగా ఏర్పడిన బృందం సాయంతో, మందులు లేకుండా పురుగును ఆపే పద్ధతులు చూపించారు. వేప గింజల కషాయం, పచ్చిమిర్చి వెల్లుల్లి కషాయం, లింగాకర్షక బుట్టలు, చేనులో పసుపు అట్టలు. ఊరు ఊరంతా మందులు మానేసింది. అక్కడితో ఆగితే అది ఒక మంచి కథ, అంతే.

ప్రభుత్వం పెట్టిన గ్రామీణ పేదరిక నిర్మూలన సంస్థ, సెర్ప్, దాన్ని పట్టుకుంది. 2000 నుంచి వెలుగు కింద గ్రామ సంఘాలు, మండల సమాఖ్యలు అప్పటికే ఉన్నాయి, ఆ ఆడవాళ్ల ద్వారానే ఊరూరా తీసుకెళ్లారు. బాగా చేసిన రైతునే పక్క ఊరికి పంపి నేర్పించారు, దానికి గౌరవ వేతనం ఇచ్చారు. చూశారా, మళ్లీ మనిషి జీతమే! 2016 నుంచి రైతు సాధికార సంస్థ చేతికి వచ్చింది, 2024లో పోర్చుగల్ వాళ్ల గుల్బెంకియన్ బహుమతిలో మన వాళ్లకు వాటా వచ్చింది. సెర్ప్ అనుభవం చూసే కేంద్రం 2011లో జాతీయ గ్రామీణ జీవనోపాధి మిషన్ పెట్టింది.

ఓరుగల్లు అన్నా, చట్టం అడ్డు తొలగడం ముఖ్యమే, ఒప్పుకుంటా. కానీ పునుకుల నుంచి రాష్ట్రం దాకా వెళ్లింది మాత్రం సంఘాలు ముందే ఉండటం వల్ల, తిరిగే మనుషులకు ఎవరో జీతం ఇవ్వడం వల్ల.

---

వంశధార (పాతపట్నం)

మేం బోర్డర్‌లో ఉంటాం, అవతల ఏం జరుగుతుందో కనిపిస్తుంది. కొర్రచేను గారికి పనికొస్తుందని రాస్తున్నా.

ఒడిశాలో 2017లో మిల్లెట్స్ మిషన్ పెట్టారు. అందులో స్వచ్ఛంద సంస్థలు బ్లాకు స్థాయిలో ప్రభుత్వంతో కలిసి నడుపుతాయి, ఏడాది కాదు, కొన్నేళ్లపాటు. రాగులు ప్రభుత్వమే మద్దతు ధరకు కొంటుంది, ఆడవాళ్ల సంఘాలు మిషన్లు నడుపుతాయి, కొన్ని జిల్లాల్లో అంగన్‌వాడీ పిల్లలకు రాగి లడ్డూ పెట్టారు. అంటే పండించేది, పొట్టు తీసేది, తినేది, కొనేది అన్నీ ఒక్క పథకంలో ఉన్నాయి. ఇంకో సంగతి, ఆ పథకానికి సచివాలయంగా పనిచేసింది హైదరాబాద్‌కు చెందిన వాసన్ సంస్థ. మనవాళ్ల దగ్గర నేర్చుకుని పక్క రాష్ట్రం చేసింది. మనం 2023లో అంతర్జాతీయ చిరుధాన్యాల సంవత్సరం అని స్టాళ్లు పెట్టి ఊరుకున్నామని నా బాధ.

సీఎస్ఆర్ సంగతి కూడా. కంపెనీ ఉన్న చుట్టుపక్కల ప్రాంతానికి ప్రాధాన్యం ఇవ్వాలని చట్టంలో ఉంది. విశాఖలో ఫ్యాక్టరీలు, మా వైపు కొండల్లో ఏమున్నాయి? ఎక్కువ అవసరం ఉన్నచోటే డబ్బు తక్కువ. దేశం మొత్తంలో కూడా మహారాష్ట్రదే పెద్ద వాటా.

---

డాలస్_తెలుగు

స్వచ్ఛంద సంస్థలు షేర్ మార్కెట్ ద్వారా డబ్బు సేకరించుకునే సోషల్ స్టాక్ ఎక్స్‌చేంజ్ అని విన్నా. అది ఈ లోటు తీర్చదా?

---

పద్దుపుస్తకం (విజయవాడ)

2019 బడ్జెట్‌లో ప్రకటించారు, 2022లో షేర్ మార్కెట్లను నియంత్రించే సెబీ నియమాలు వచ్చాయి, 2023లో ఎన్ఎస్ఈలో మొదలైంది. లాభాపేక్ష లేని సంస్థ "జీరో కూపన్ జీరో ప్రిన్సిపల్" బాండ్ వేస్తుంది, వడ్డీ రాదు, అసలూ తిరిగి రాదు, చెప్పాలంటే లెక్కాపత్రం పక్కాగా ఉండే విరాళం. బెంగళూరు ఉన్నతి ఫౌండేషన్‌ది మొదటి లిస్టింగ్, 2023 డిసెంబరులో. కనీస ఇష్యూ కోటి నుంచి 50 లక్షలకు, ఒక్కొక్కరు పెట్టాల్సిన కనీస మొత్తం 2 లక్షల నుంచి 10 వేలకు, తర్వాత వెయ్యికి తగ్గించారు. ఉద్దేశం మంచిది. కానీ రిజిస్టర్ కావాలంటే ముందు ఏడాది సంస్థ కనీసం 50 లక్షలు ఖర్చు చేసి ఉండాలి. కొర్రచేను గారి సంస్థ ఆ గేటు దాటుతుందా?

---

కొర్రచేను (మడకశిర)

దాటదండీ. మా ఏడాది ఖర్చు అందులో సగం కూడా ఉండదు.

ఇంతమంది ఇంత వివరంగా రాశారు కాబట్టి, మా ప్రాంతంలో ఉన్న నాలుగైదు సంస్థలం కలిసి కలెక్టర్ గారికి, వ్యవసాయ శాఖకు ఒక వినతి ఇద్దామనుకుంటున్నాం. అంగన్‌వాడీలకు, హాస్టళ్లకు జిల్లాలో కొనే సరుకులో కొంత భాగం కొర్ర బియ్యం, అది కూడా సంఘాల దగ్గరే, కనీసం మూడేళ్ల ఒప్పందంతో కొనాలి. సంఘాలకు కావాల్సింది గ్రాంటు కాదు, ఈ ఆర్డరు. మెకానిక్ జీతం ఆ ధరలోనే కలిసి ఉండాలి. వంశధార గారూ, ఒడిశా మార్గదర్శకాల కాపీ దొరుకుతుందా?

---

వంశధార (పాతపట్నం)

పర్లాకిమిడిలో మిత్రులున్నారు, తెప్పిస్తాను. ఒప్పందంలో బిల్లు ఎన్ని రోజుల్లో చెల్లించాలో తప్పకుండా రాయించండి. ఆడవాళ్ల సంఘం మూడు నెలలు ఆగలేదు, రైతుకు వెంటనే డబ్బివ్వకపోతే మళ్లీ వ్యాపారి దగ్గరికే పోతాడు.

---

సర్వీసు_పెన్షనర్ (రాజమహేంద్రవరం)

అవును. చిన్న పరిశ్రమగా నమోదయ్యే ఉద్యమ్ రిజిస్ట్రేషన్ కూడా చేయించండి. 2006 ఎంఎస్ఎంఈ చట్టం ప్రకారం 45 రోజులు దాటితే బ్యాంకు రేటుకు మూడు రెట్ల వడ్డీ అడిగే హక్కు వస్తుంది. అడిగితే మళ్లీ ఆర్డరు ఇవ్వరేమో అని చాలామంది నోరు విప్పరు, కానీ హక్కు ఉందని ఫైల్లో ఉంటే బిల్లు కాస్త ముందు కదులుతుంది. వినతి ముసాయిదా పంపండి, ఆఫీసు భాషలో నేను సరిచేస్తా.

---

హైటెక్_పక్కవీధి (హైదరాబాద్)

వీటన్నిటికీ పైన సోషల్ ఎంటర్‌ప్రైజ్ అనే ఒకే చట్టపరమైన రూపం కావాలని నా అభిప్రాయం. ఇప్పుడు సగం పని సొసైటీలో, సగం ప్రైవేట్ లిమిటెడ్‌లో పెట్టుకుని రెండు ఆడిట్లు, రెండు ఖాతాలు, రెండు తలనొప్పులు.

---

ఓరుగల్లు_రైతు (హనుమకొండ)

తమ్ముడూ, అక్కడ నేను ఒప్పుకోను. ఇంకో చట్టం అంటే ఇంకో రిజిస్ట్రారు, ఇంకో ఫారం. ఉన్న పరస్పర సహాయ చట్టం కింద ఆ ఆడవాళ్ల సంఘాలే ఒక సమాఖ్య కట్టుకుని మిషన్లు, మెకానిక్, అమ్మకం అన్నీ చూసుకోవచ్చు. లాభం వస్తే వాళ్లకే. కొర్రచేను, నువ్వు మా దగ్గరికి ఒకసారి రా, లెక్కలు ఎలా రాసుకుంటారో, సభ్యుల సమావేశం ఎలా పెడతారో చూద్దువుగాని.

---

పద్దుపుస్తకం (విజయవాడ)

సమాఖ్య ఆలోచన బాగుంది, కానీ ఒక్క జాగ్రత్త. దానికి సీఎస్ఆర్-1 రాదు కాబట్టి కంపెనీ డబ్బు నేరుగా దాని ఖాతాలో పడకూడదు. ప్రాజెక్టు మీ సొసైటీ నడపాలి, ఆస్తి మాత్రం సంఘాల పేరు మీదకు వెళ్లాలి. కంపెనీకి ఇచ్చే ప్రతిపాదనలో మూడేళ్ల ఆన్‌గోయింగ్ ప్రాజెక్టు అని మొదటి పేజీలోనే రాయండి, మెకానిక్ జీతం ప్రాజెక్టు సిబ్బంది అనే పద్దులో పెట్టండి. ముసాయిదా అయ్యాక నాకు పంపితే పద్దులు చూసి పెడతాను. మే నెలాఖరు దాకా దాతల వివరాల 10బీడీ ఫారాలతో నాకు ఖాళీ ఉండదు, ఆ తర్వాత ఎప్పుడైనా సరే.